గీత దగ్గర ఆగిపోయిన తీర్పు: అమెరికా బడుల్లో ముగియని పోరాటం

2016 మే నెలలో మిసిసిపీ రాష్ట్రం క్లీవ్‌లాండ్ పట్టణంలో రెండు హైస్కూళ్లను కలిపి ఒక్కటి చేయాలని ఫెడరల్ (కేంద్ర స్థాయి) కోర్టు జడ్జి డెబ్రా బ్రౌన్ ఆదేశించారు. పాత రైలు మార్గానికి పడమరన క్లీవ్‌లాండ్ హైస్కూలు, తూర్పున ఈస్ట్ సైడ్ హైస్కూలు. పడమటిది ఒకప్పుడు చట్టప్రకారమే తెల్ల పిల్లల బడి, తూర్పుది నల్ల పిల్లల బడి. కేసు వేసింది 1965లో. ఏ పిల్లల కోసం తల్లిదండ్రులు కోర్టు మెట్లెక్కారో, ఆదేశం వచ్చేనాటికి ఆ పిల్లలకు మనవల్ని ఎత్తుకునే వయసు వచ్చేసింది. ఈ యాభై ఏళ్లలో పడమటి బడిలో నల్ల పిల్లలు సగం దాకా చేరారు. తూర్పు బడిలో మాత్రం తెల్ల పిల్లలు దాదాపు లేరనే చెప్పాలి. ఎవరికి నచ్చిన బడిని వాళ్లు ఎంచుకునే వీలుంది కదా, ఇంకేం కావాలి అన్నది అధికారుల వాదన.

1954లోనే అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి బడులను వేరు చేయడం రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది. మరి 2016లో ఈ ఆదేశం ఏమిటి? దీనికి తరచూ వినిపించే జవాబు ఒకటుంది: తీర్పులతో సమాజం మారదు, మనుషుల మనసులు మారాలి అని. వినడానికి బాగుంటుంది కానీ రికార్డు దానికి సాక్ష్యం చెప్పదు. కోర్టులు పట్టుదలగా నిలబడిన కొద్ది సంవత్సరాల్లో, అదీ అత్యంత కరుడుగట్టిన దక్షిణాది రాష్ట్రాల్లో, బడులు మారాయి. మారుతున్న దశలోనే సుప్రీంకోర్టు ఒక గీత గీసి, దాన్ని దాటనని చెప్పింది. ఆ గీత స్కూల్ డిస్ట్రిక్ట్ సరిహద్దు. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సొంత బోర్డుతో, ఎక్కువగా స్థానిక ఆస్తిపన్నుతో తన పరిధిలోని ప్రభుత్వ బడులను నడుపుకునే ప్రాంతం. అసలు కథంతా అక్కడుంది.

మొదలు మాత్రం ఒక బస్సు దగ్గర. సౌత్ కరోలినాలోని క్లారెండన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 1940ల చివర తెల్ల పిల్లలను బడికి చేర్చడానికి 30 బస్సులు తిరిగేవి. నల్ల పిల్లలకు ఒక్కటీ లేదు. కౌంటీలో బడి పిల్లల్లో ఎక్కువమంది వాళ్లే అయినా మైళ్లకొద్దీ నడిచి వెళ్లేవారు. పాస్టర్ జోసెఫ్ డిలేన్ చొరవతో తల్లిదండ్రులు మొదట అడిగింది ఆ ఒక్క బస్సే. అధికారులు కుదరదన్నారు. అప్పుడు అర్జీ పెద్దదైంది. సమాన వసతులు కావాలని సంతకాలు పెట్టారు. సంతకం పెట్టిన హ్యారీ బ్రిగ్స్‌కు పెట్రోలు బంకులో ఉద్యోగం పోయింది, ఆయన భార్య ఎలీజాకు మోటెల్‌లో పని పోయింది. డిలేన్ చర్చిని తగలబెట్టారు. ఆయన రాష్ట్రం వదిలి పారిపోవాల్సి వచ్చింది. ఒక బస్సు అడిగినందుకు జరిగిన శిక్ష ఇది.

నల్లజాతి హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ తరఫున తుర్గుడ్ మార్షల్ ఈ కేసును చేపట్టారు. 1896 నాటి సుప్రీంకోర్టు ప్లెసీ తీర్పు 'విడివిడిగా ఉన్నా సమానంగా ఉంటే చాలు' అనేసింది. ఆ తీర్పు మీద మార్షల్, అంతకుముందు ఆయన గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, రెండు దశాబ్దాల పాటు మెట్టుమెట్టుగా దాడి చేశారు. ముందు లా కాలేజీలు, ఆ తర్వాత పీజీ కోర్సులు, చివరికి చిన్న పిల్లల బడులు. క్లారెండన్ కేసులో కింది కోర్టులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2-1 తేడాతో తల్లిదండ్రులకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. మూడో జడ్జి వేటీస్ వేరింగ్ మాత్రం వేరు చేయడమే అసమానత్వమని రాశారు. ఈ కేసూ కాన్సస్, వర్జీనియా, డెలవేర్ కేసులూ కలిపి, కాన్సస్ పిటిషనర్ పేరుతో ప్రముఖమైన బ్రౌన్ తీర్పు సుప్రీంకోర్టు నుంచి 1954 మే 17న వచ్చింది. తొమ్మిది మంది జడ్జిలదీ ఒకే మాట.

కానీ అమలు గురించి కోర్టు ఏడాది తర్వాత 1955లో వేరే తీర్పు ఇచ్చింది. గడువు పెట్టలేదు. తగిన జాగ్రత్తతో, తగిన వేగంతో చేయమని కింది కోర్టులకు వదిలేసింది. క్లారెండన్ కేసు తిరిగి కింది కోర్టుకు వచ్చినప్పుడు జడ్జి జాన్ పార్కర్ ధర్మాసనం దానికి ఒక అర్థం చెప్పింది: రాజ్యాంగం పిల్లలను కలిపి చదివించమని చెప్పడం లేదు, వివక్షను మాత్రమే నిషేధిస్తోంది అని. బ్రౌన్ తీర్పు మూలాల్లో ఉన్న కేసులోనే ఆ తీర్పును నీరుగార్చే వాదన పుట్టింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్లుగా కోర్టుల్లో నలిగిన ప్రశ్న ఇదే. ప్రభుత్వం తాను కట్టిన గోడ మీద 'ఇది గోడ' అన్న బోర్డు తీసేస్తే సరిపోతుందా, గోడను కూడా పడగొట్టాలా?

దక్షిణాది రాష్ట్రాలు బోర్డు తీయడానికి కూడా ఒప్పుకోలేదు. 1956లో దక్షిణాదికి చెందిన 101 మంది కాంగ్రెస్ సభ్యులు తీర్పును ఎదిరిస్తామని ప్రకటన మీద సంతకాలు చేశారు. 1957లో ఆర్కాన్సా రాష్ట్రం లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది నల్ల విద్యార్థులు క్లాసులోకి అడుగుపెట్టడానికి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపాల్సి వచ్చింది. ఈ సంగతి చాలామందికి తెలుసు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో జరిగింది అంతగా తెలియదు. 1951లో అక్కడి మోటన్ హైస్కూల్లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి నాయకత్వంలో విద్యార్థులు సమ్మె చేశారు. తారు అట్టలతో కప్పిన షెడ్లలో చదవలేమన్నారు. బ్రౌన్‌లో భాగమైన వర్జీనియా కేసు అలా వచ్చింది. 1959లో బడులను కలపక తప్పని పరిస్థితి రాగానే, కౌంటీ పాలకులు ప్రభుత్వ బడులన్నిటినీ మూసేశారు. తెల్ల పిల్లలకు ప్రైవేటు అకాడమీ పెట్టుకున్నారు. 1964లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకునేదాకా ఐదేళ్లు ఆ కౌంటీలో నల్ల పిల్లలకు ప్రభుత్వ బడి లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఐదేళ్లు బడి లేకపోతే ఆ నష్టం ఏ తీర్పు పూడుస్తుంది?

బ్రౌన్ వచ్చి పదేళ్లయ్యేసరికి పాత కాన్ఫెడరసీ రాష్ట్రాల్లో (బానిసత్వం కోసం 1860ల్లో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు) తెల్ల పిల్లలతో కలిసి చదివే నల్ల పిల్లలు నూటికి ఒకరిద్దరే. ఇక్కడిదాకా చూసి, తీర్పుల వల్ల ఏమీ కాదు అనేవాళ్లు ఆ తర్వాతి ఆరేడేళ్లను చూడాలి. 1964 పౌరహక్కుల చట్టం జాతివివక్ష చూపే సంస్థలకు ఫెడరల్ నిధులు ఆపే అధికారం ఇచ్చింది. 1965లో బడులకు ఫెడరల్ డబ్బు పెద్ద ఎత్తున రావడం మొదలైంది. అంతదాకా కాగితం మీద ఉన్న తీర్పుకు ఇప్పుడు డబ్బు బలం తోడైంది. 1968లో వర్జీనియాలోని న్యూ కెంట్ కౌంటీ కేసు వచ్చింది. అక్కడ ఉన్నవే రెండు బడులు. 'ఇష్టమైన బడి ఎంచుకోండి' అనే పథకం మూడేళ్లు నడిచాక చూస్తే, నల్ల పిల్లల బడిని ఒక్క తెల్ల కుటుంబం కూడా ఎంచుకోలేదు. నల్ల పిల్లల్లో 85 శాతం పాత బడిలోనే ఉన్నారు. గోడను వేళ్లతో సహా పెకలించాల్సిన బాధ్యత కట్టినవాళ్లదే, ఎంపిక పేరుతో దాన్ని పిల్లల నెత్తిన పెట్టొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. పార్కర్ వాదనకు సమాధి కట్టినట్టేనని అందరూ అనుకున్నారు.

1971లో షార్లెట్ వంతు. నార్త్ కరోలినాలోని ఈ నగరం, చుట్టూ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీ అంతా కలిపి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్: 107 బడులు, 84 వేల మంది పిల్లలు. నల్ల కుటుంబాలను నగరంలో ఒక మూలకు నెట్టేశారు కాబట్టి 'దగ్గర్లోని బడి' అంటే వేర్పాటు కొనసాగినట్టే. అందుకే జడ్జి జేమ్స్ మెక్‌మిలన్ పిల్లలను బస్సుల్లో అటూ ఇటూ పంపమన్నారు. బస్సింగ్ అనే మాట అప్పటినుంచి దేశాన్ని రెండుగా చీల్చింది. కానీ 1971లో ఆ ఆదేశాన్ని సమర్థించిన సుప్రీంకోర్టు తీర్పులో ఒక లెక్క ఉంది. కొత్త ప్రణాళికలో చిన్న పిల్లల ప్రయాణం సగటున ఏడు మైళ్లు, 35 నిమిషాలు దాటదు. అంతకుముందు అదే డిస్ట్రిక్ట్ రోజూ 23,600 మందిని సగటున 15 మైళ్లు, గంటకు పైగా తిప్పేది. అప్పుడు ఎవరూ దాన్ని బస్సింగ్ అని తిట్టలేదు. తెల్ల పిల్లలకు 30 బస్సులు నడిపిన క్లారెండన్‌లోనూ బస్సు ఎవరికీ అభ్యంతరం కాలేదు. వ్యతిరేకత వచ్చింది ఆ బస్సు ఎక్కడికి వెళుతోందో చూశాకే.

షార్లెట్‌లో గొడవలు జరిగాయి, తర్వాత సర్దుకున్నాయి. దానికి కారణం మంచితనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. కౌంటీ అంతా ఒకే డిస్ట్రిక్ట్ కావడంతో ఇల్లు మారినంత మాత్రాన కలిసి చదవడాన్ని తప్పించుకునే దారి లేకపోయింది. పారిపోయే దారి లేనప్పుడు జనం ఉన్న బడిని బాగుచేసుకునే ఆలోచనలో పడతారు. 1984లో అధ్యక్షుడు రేగన్ ఎన్నికల ప్రచారానికి షార్లెట్ వచ్చి బస్సింగ్‌ను తిడితే, చప్పట్లు వస్తాయనుకున్న చోట సభ మౌనంగా ఉండిపోయింది. 1988 నాటికి దక్షిణాది నల్ల విద్యార్థుల్లో 43 శాతం మంది తెల్ల పిల్లలు ఎక్కువగా ఉన్న బడుల్లో చదువుతున్నారు. పావు శతాబ్దం కిందట నూటికి ఒకరిద్దరు! దేశంలో అన్ని ప్రాంతాల కంటే ఎక్కువ కలిసిన బడులు ఒకప్పుడు సైన్యం అవసరమైన దక్షిణాదివే అయ్యాయి. కోర్టు ఆదేశం కింద ఎక్కువ ఏళ్లు చదివిన నల్ల పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ చదువు, ఎక్కువ సంపాదన, మెరుగైన ఆరోగ్యం పొందారని, తెల్ల పిల్లలకు దాని వల్ల నష్టం జరగలేదని ఆర్థికవేత్త రక్కర్ జాన్సన్ పరిశోధన చూపించింది.

మరి ఇంత పనిచేసింది ఎందుకు ఆగింది? డెట్రాయిట్ వల్ల.

మిషిగన్‌లోని ఈ నగరంలో 1970ల మొదటికే బడి పిల్లల్లో దాదాపు మూడింట రెండు వంతులు నల్లవాళ్లు. తెల్ల కుటుంబాలు శివార్లకు వెళ్లిపోతున్నాయి. ఆ వెళ్లిపోవడం దానంతట అదే జరగలేదు. ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నల్ల కుటుంబాలున్న వీధులకు రుణ హామీ ఇచ్చేది కాదు. 1941లో ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక బిల్డర్ నల్లవాళ్ల ఇళ్లకూ తన కొత్త లేఅవుట్‌కూ మధ్య ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు కాంక్రీటు గోడ కడితే తప్ప ప్రభుత్వ హామీ రాలేదు. ఆ గోడ ఇప్పటికీ ఉంది. జడ్జి స్టీఫెన్ రోత్ ఇదంతా విన్నారు. నగరంలో ఉన్న పిల్లలను నగరంలోనే అటూ ఇటూ మారిస్తే నల్ల పిల్లలను నల్ల పిల్లలతోనే కలిపినట్టవుతుందని గ్రహించి, డెట్రాయిట్‌తో పాటు 53 శివారు డిస్ట్రిక్ట్‌లను కలిపి ప్రణాళిక వేయమన్నారు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా పిల్లలు.

1974 జులై 25న సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. శివారు డిస్ట్రిక్ట్‌లు స్వయంగా తప్పు చేసినట్టు రుజువైతే తప్ప వాటి సరిహద్దు దాటడానికి వీల్లేదంది. స్థానిక పాలన పవిత్రమైనది అన్నట్టుగా ప్రధాన న్యాయమూర్తి వారెన్ బర్గర్ రాశారు. ఈ కేసు రికార్డులో ఒక సంగతి ఉంది, దాన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. డెట్రాయిట్ పక్కన కార్వర్ అనే చిన్న నల్ల డిస్ట్రిక్ట్‌కు హైస్కూలు లేదు. 1950ల్లో అక్కడి పిల్లలను దగ్గర్లోని తెల్ల హైస్కూళ్లు దాటించి, డిస్ట్రిక్ట్ సరిహద్దు దాటించి, డెట్రాయిట్‌లోని నల్ల హైస్కూలుకు బస్సుల్లో తీసుకెళ్లేవారు. వేరు చేయడానికి అడ్డురాని గీత, కలపాల్సి వచ్చేసరికి దాటరానిదైంది. అప్పటికి సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్న తుర్గుడ్ మార్షల్ తన భిన్నాభిప్రాయంలో, పిల్లలు కలిసి చదవకపోతే పెద్దలు కలిసి బతకడం ఎన్నటికీ నేర్చుకోరని హెచ్చరించారు. మహానగరాలను ఒకటి తెల్ల నగరం, ఒకటి నల్ల నగరంగా చీలనివ్వడం ఇప్పుడు తేలికగా కనిపించినా ఒకనాడు దేశం పశ్చాత్తాపపడుతుందని రాశారు.

దీనికి ఏడాది ముందే టెక్సాస్ నుంచి వచ్చిన రోడ్రిగెజ్ కేసులో బడి నిధుల అసమానత ఫెడరల్ రాజ్యాంగం పరిధిలోకి రాదని అదే కోర్టు 5-4తో తేల్చింది. శాన్ ఆంటోనియోలో పేద మెక్సికన్ కుటుంబాలున్న ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్ ఎక్కువ రేటున ఆస్తిపన్ను కట్టి కూడా ఒక్కో పిల్లాడి మీద 356 డాలర్లే పెట్టగలిగింది. తక్కువ రేటు కట్టిన సంపన్న ఆలమో హైట్స్ 594 డాలర్లు పెట్టింది. రెండు తీర్పులూ కలిపి చదివితేనే అసలు దెబ్బ అర్థమవుతుంది. గీతకు ఇటువైపు పిల్లలను అటు పంపడానికి లేదు, అటువైపు డబ్బు ఇటు రావడానికీ లేదు.

ఈ గీతలతో తెలుగువాళ్లకు నేరుగా సంబంధం ఉంది. అమెరికాలో ఇల్లు కొనే ప్రతి తెలుగు కుటుంబం మొదట చూసేది స్కూల్ రేటింగే. డెట్రాయిట్ శివార్లలోని నొవై, ట్రాయ్, కాంటన్‌లలో స్థిరపడిన మనవాళ్లు ఆ సరిహద్దు లోపల ఇల్లు దొరకడం కోసమే లక్షల డాలర్ల అప్పు నెత్తిన పెట్టుకుంటారు. పిల్లల చదువు కోసం తాపత్రయపడటంలో తప్పేమీ లేదు. కాకపోతే అక్కడి తెలుగు కబుర్లలో 'మంచి స్కూల్ డిస్ట్రిక్ట్' అనేది ఆ ఊరి వాతావరణంలా సహజంగా ఏర్పడినట్టు మాట్లాడుకుంటాం. ఆ ఇంటి ధరలో 1974 నాటి తీర్పు విలువ కూడా కలిసి ఉంది. 1965లో వలస చట్టం మారి మనవాళ్లకు అమెరికా తలుపులు తెరుచుకోవడం కూడా ఆ పౌరహక్కుల ఉద్యమ కాలంలోనే జరిగింది కాబట్టి, ఈ చరిత్ర తెలుసుకోవాల్సిన బాధ్యత మనకు ఇంకాస్త ఎక్కువే ఉంది.

1990ల్లో వెనకడుగు వేగం పెరిగింది. 1991లో ఓక్లహోమా సిటీ కేసులో, తప్పు చేసిన డిస్ట్రిక్ట్ కొంతకాలం నిజాయితీగా ఆదేశం పాటిస్తే కోర్టు పర్యవేక్షణ నుంచి బయటపడొచ్చని సుప్రీంకోర్టు అంది. అప్పటికే ఆ నగరం 'దగ్గర్లోని బడి' పద్ధతికి వెళ్లిపోయింది. 64 ప్రాథమిక పాఠశాలల్లో 11 బడుల్లో 90 శాతానికి పైగా నల్ల పిల్లలే, 22 బడుల్లో 90 శాతానికి పైగా ఇతరులే. భిన్నాభిప్రాయం రాసింది మళ్లీ మార్షలే. ఆ ఏడాదే ఆయన రిటైరయ్యారు. షార్లెట్‌లో కూడా కోర్టు ఆదేశం 2000ల మొదట్లో ముగిసింది. కొద్ది ఏళ్లకే అక్కడి బడులు మళ్లీ విడిపోవడం మొదలైంది.

2007లో సియాటిల్, లూయివిల్ కేసులు. ఈసారి కోర్టుకెక్కింది కలపడాన్ని వ్యతిరేకించేవాళ్లు. తమంతట తాముగా పిల్లలను కలిపే ప్రయత్నం చేస్తున్న డిస్ట్రిక్ట్‌లు పిల్లాడి జాతిని లెక్కలోకి తీసుకోకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ తన వాదనకు బ్రౌన్ కేసులో నల్లజాతి లాయర్లు చెప్పిన మాటలనే ఉటంకించారు. ఆ మాటలు అన్న లాయర్ రాబర్ట్ కార్టర్ అప్పటికి తొంభై ఏళ్ల వయసులో ఇంకా జీవించే ఉన్నారు. ఆ రోజుల్లో జాతిని వాడింది నల్ల పిల్లలకు అవకాశం లేకుండా చేయడానికి, మా మాటను తలకిందులు చేశారని ఆయన బహిరంగంగా అన్నారు. 1955లో పార్కర్ చెప్పిన అర్థం మరో రూపంలో తిరిగొచ్చింది, ఈసారి దేశ అత్యున్నత న్యాయస్థానం నుంచే.

నల్ల సమాజం ఈ మొత్తం ప్రయాణానికి కట్టిన మూల్యం గురించి చెప్పకపోతే లెక్క తప్పుతుంది. బడులు కలిసినప్పుడు మూతపడింది ఎక్కువగా నల్ల బడులే. వేలాది మంది నల్ల టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తెల్లవారకముందే లేచి దూరపు బస్సు ఎక్కింది ఎక్కువగా వాళ్ల పిల్లలే. ఈ కేసులు స్వయంగా నడిపిన లాయర్ డెరిక్ బెల్ 1970ల మధ్యలోనే, తల్లిదండ్రులు కోరుతున్నది మంచి చదువు, లాయర్లు కొట్లాడుతున్నది జాతుల నిష్పత్తి కోసం అని ప్రశ్నించారు. ఆ విమర్శలో బలం ఉంది. అయితే దాన్ని పట్టుకుని కలపడమే పొరపాటని తేల్చేవాళ్లు ఎడ్జ్‌వుడ్ లెక్కను మరిచిపోతున్నారు. డబ్బూ, పలుకుబడీ ఉన్నవాళ్ల పిల్లలు ఏ బడిలో ఉంటే వనరులు ఆ బడికి చేరతాయి.

ఫెడరల్ కోర్టులు ముఖం తిప్పుకున్నాక పోరాటం రాష్ట్రాల రాజ్యాంగాల వైపు మళ్లింది. కనెటికట్‌లో 1989లో వేసిన షెఫ్ కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 1996లో 4-3తో, తప్పు ఎవరిదైనా హార్ట్‌ఫర్డ్ నగర పిల్లల వేర్పాటును సరిదిద్దాల్సిన బాధ్యత రాష్ట్రానిదేనని చెప్పింది. కనెటికట్ రాజ్యాంగంలో వేర్పాటును నిషేధించే మాట స్పష్టంగా ఉండటం దానికి బలమైంది. నగరం నుంచీ శివార్ల నుంచీ పిల్లలు కలిసి చదివే మాగ్నెట్ స్కూళ్లు వచ్చాయి. సీట్లు లాటరీలో. తుది ఒప్పందం కుదిరింది 2022లో. మొదటి పిటిషనర్ కేసు వేసినప్పుడు నాలుగో తరగతి పిల్లాడు. న్యూజెర్సీలో 2018లో ఇలాంటిదే మరో కేసు మొదలైంది.

ఇక పాత ఫెడరల్ ఆదేశాల సంగతి. దక్షిణాదిలో అవి ఇంకా వందకు పైగానే బతికి ఉన్నాయి. చాలావాటిని ఏళ్ల తరబడి ఎవరూ తెరిచి చూడలేదు. అలాంటి ఆదేశం ఉంటే ఏం లాభం అనేవాళ్లకు అలబామాలోని గార్డెన్‌డేల్ జవాబు. బర్మింగ్‌హామ్ శివారులో తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న ఈ పట్టణం, జెఫర్సన్ కౌంటీ డిస్ట్రిక్ట్ నుంచి విడిపోయి సొంత డిస్ట్రిక్ట్ పెట్టుకోవాలనుకుంది. 1965 నాటి కేసు ఇంకా సజీవంగా ఉంది కాబట్టి జడ్జి ముందు అనుమతి అడగాల్సి వచ్చింది. విడిపోవడం వెనక జాతి కారణం ఉందని జడ్జి మాడెలిన్ హైకాలా 2017లో తేల్చినా, పాక్షికంగా ఒప్పుకున్నారు. 2018లో అప్పీలు కోర్టు దాన్ని పూర్తిగా ఆపేసింది. టెనెసీలో మెంఫిస్ నగరం చుట్టూ ఉన్న ఆరు శివారు పట్టణాలు మాత్రం 2014లో విడిపోయి సొంత డిస్ట్రిక్ట్‌లు పెట్టుకున్నాయి. అక్కడ పాత ఆదేశం అప్పటికే ముగిసిపోయింది, ఆపేవాళ్లు లేరు.

న్యాయ ప్రక్రియలో తేడా ఇదే. ఆదేశం ఉన్నంతకాలం, తాము చేసే పని వేర్పాటును పెంచదని రుజువు చేయాల్సింది డిస్ట్రిక్ట్. ఆదేశం ఎత్తేశాక, అధికారుల మనసులో జాతి ద్వేషం ఉందని రుజువు చేయాల్సింది తల్లిదండ్రులు. ఈ భారాన్ని మోయగలిగిన కుటుంబాలు చాలా తక్కువ. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయశాఖ లూసియానాలోని ప్లాక్‌మిన్స్ పారిష్ (అక్కడ కౌంటీని పారిష్ అంటారు) మీద 1966 నుంచి ఉన్న కేసును చరిత్రలో జరిగిన తప్పును సరిదిద్దుతున్నట్టు ప్రకటిస్తూ ముగించింది. మిగిలిన వాటిలో ఎన్ని ఇలాగే మూసేస్తే అన్ని కౌంటీల్లో, రేపు ఏ శివారు విడిపోదామనుకున్నా, అనుమతి అడగాల్సిన జడ్జి ఉండరు.